గిటారు ఇలా కూడా మోగుతుందా? క్లాసిక్ రాక్ తర్వాత నాకు నచ్చిన గిటారిస్టులు

నమస్కారం. మాటల్లోకి దిగే ముందు ఒక చిన్న పని చేసి చూపిస్తాను. కెమెరాను కొంచెం దగ్గరకు తెస్తున్నాను, నా కుడిచేతిని చూడండి. ఈ గిటారుకు రెండు పికప్‌లు, అంటే తీగల మోతను పట్టుకునే భాగాలు, ఉన్నాయి. రెండింటికీ విడివిడిగా వాల్యూమ్ నాబ్‌లు ఉన్నాయి. ఒకదాన్ని సున్నాకు దించాను, రెండోదాన్ని పూర్తిగా పెంచాను. ఇప్పుడు తీగను ఒక్కసారి మీటి, ఏ పికప్ మోగాలో ఎంచే ఈ చిన్న స్విచ్‌ను అటూ ఇటూ గబగబా కదుపుతున్నాను.

విన్నారా? శబ్దం తెగుతోంది, అతుకుతోంది, మళ్లీ తెగుతోంది. తీగను నేను రెండోసారి ముట్టుకోలేదు. ఎడమచేయి ఉన్నచోటే ఉంది. ఇప్పుడు వాయించింది స్విచ్.

ఈ విద్యను లోకమంతటికీ వినిపించినవారు రేజ్ అగెయిన్‌స్ట్ ది మెషీన్ బ్యాండు గిటారిస్టు టామ్ మోరెల్లో. ఇంజినీరింగ్ హాస్టల్లో మిత్రుడి కంప్యూటర్ మీద ఆ బ్యాండు మొదటి ఆల్బమ్ విన్నప్పుడు, ఇందులో ఎవరో డీజే కూర్చుని రికార్డులు గీకుతున్నారని నేను గట్టిగా వాదించాను. నాలా పొరబడేవాళ్లు ఉంటారని ఆ బ్యాండుకూ తెలుసు. అందుకే 1992లో వచ్చిన ఆ ఆల్బమ్ మీదే, ఇందులో శాంపిళ్లు (వేరే రికార్డుల నుంచి తెచ్చిన ముక్కలు), కీబోర్డులు, సింథసైజర్లు ఏవీ వాడలేదని అచ్చువేశారు. అన్నీ గిటారు, బేస్, డ్రమ్స్, గొంతు. అంతే.

ఈ వీడియోలో హెండ్రిక్స్, జిమ్మీ పేజ్ వంటి క్లాసిక్ రాక్ పెద్దల జోలికి వెళ్లడం లేదు. వాళ్లంటే గౌరవం లేక కాదు, వాళ్ల గురించి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. 1978లో వాన్ హేలెన్ బ్యాండు మొదటి ఆల్బమ్ వచ్చాక పదేళ్లపాటు రాక్ గిటారు ఒక పరుగుపందెంలా సాగింది. సెకనుకు ఎన్ని స్వరాలు వాయించగలరన్నదే లెక్క. ఆ తర్వాత వచ్చినవాళ్లలో కొందరు ఆ పందెంలోంచే బయటికి నడిచారు. ఈ వాయిద్యంలో ఇంకా ఎవరూ వినని శబ్దం ఏముంది అని వెతికారు. నాకు ప్రాణం వాళ్లంటేనే.

మోరెల్లో దగ్గరే ఇంకాస్త ఆగుదాం. ఆయన హార్వర్డ్‌లో చదివి 1986లో పట్టా తీసుకున్నారు. చదువుకునే రోజుల్లో గంటలకొద్దీ సాధన చేసినవారు. వేగంగా వాయించడం రానివారు కాదు, కావాలంటే ఎవరితోనైనా పోటీ పడగలరు. అయినా ‘బుల్స్ ఆన్ పరేడ్’ పాటలో సోలో వచ్చే చోట ఏం చేశారో చూడండి. ఎడమచేత్తో పికప్‌ల మీద తీగలను బట్ట ఉతికినట్టు రుద్దుతూ, కుడిచేత్తో స్విచ్ ఆడిస్తారు. అందులో పాడుకోవడానికి ఒక్క స్వరం కూడా ఉండదు. కానీ లయ ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మన మృదంగ విద్వాంసుల తని ఆవర్తనం విన్నప్పుడు తల ఎలా ఊగుతుందో నాకు ఇక్కడా అలాగే ఊగుతుంది.

ఇక నా కాలి దగ్గరున్న ఈ ఎర్రటి పెట్టె చూడండి. దీని పేరు వామీ పెడల్. మడమ నుంచి మునివేళ్ల దాకా ఇలా తొక్కితే, వాయించిన స్వరం ఒక స్థాయి, రెండు స్థాయులు పైకి లేచిపోతుంది. మోరెల్లో దీన్ని ఆకాశం వైపు తొక్కారు. సైరన్ మోగినట్టుండే ఆయన సోలోలన్నీ దీని పుణ్యమే.

ఇదే పెట్టెను డెట్రాయిట్ నుంచి వచ్చిన జాక్ వైట్ నేల వైపు తిప్పారు. ఆయన బ్యాండు వైట్ స్ట్రైప్స్‌లో ఉన్నది ఇద్దరే: గిటారుకు, పాటకు ఆయన, డ్రమ్స్‌కు మెగ్ వైట్. బేస్ వాయించేవారు లేరు. 2003లో వచ్చిన ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ మొదట్లో బేస్ గిటారులా మోగేది నిజానికి మామూలు గిటారే. స్వరాన్ని ఈ పెడల్‌తో ఒక స్థాయి కిందికి దించారు. మొత్తం ఏడు స్వరాలు. మెల్‌బోర్న్‌లో కచేరీకి ముందు సౌండ్ సరిచూసుకుంటుండగా ఆయన చేతికి తగిలిన వరస అది. పాట పేరు తెలియనివాళ్లు కూడా ఆ వరసను గుర్తుపడతారు. ఫుట్‌బాల్ మైదానాల్లో వేలమంది గొంతెత్తి పాడేది దాన్నే. గిటారు వరసను జనం మాటలు లేకుండా పాడుకుంటున్నారంటే, ఆ మనిషికి అంతకంటే ఏం కావాలి?

రేడియోహెడ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ గురించి చెప్పాలంటే నాకు కొంచెం ఉద్వేగం వస్తుంది. 1992లో ‘క్రీప్’ రికార్డు చేస్తున్నప్పుడు, పాట మరీ మెత్తగా ఉందని ఆయనకు నచ్చలేదు. పల్లవి మొదలయ్యే ముందు, తీగలను అరచేత్తో మూసి గరగరమనే మొద్దు దెబ్బలు కొట్టారు. పాటను చెడగొట్టాలన్నట్టు కొట్టిన ఆ దెబ్బలే ఇప్పుడు దాని గుర్తు. వాటిని తీసేసి ఒకసారి ఊహించుకోండి, పాట చప్పబడిపోతుంది. అదే మనిషి 2015లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో రాజస్థానీ కళాకారులతో, ఖవ్వాలీ గాయకులతో కలిసి ‘జునూన్’ ఆల్బమ్ చేశారు. అందులో గ్రీన్‌వుడ్ ఎక్కడ అని వెతుక్కోవాలి. ఢోలక్ వెనక, బాకాల వెనక ఒదిగి కూర్చున్నారు. అంత పేరున్న గిటారిస్టు అలా పక్కకు జరగడం నాకు ఎంతో నచ్చింది.

కిమ్ థాయిల్ పేరు మనవాళ్లు ఇంకా ఎక్కువగా తెలుసుకోవాలి. తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్లినవారు, ఆయన పుట్టింది సియాటిల్లో. 1984లో అక్కడే ఆయన గిటారిస్టుగా సౌండ్‌గార్డెన్ బ్యాండు మొదలైంది. ఆ బ్యాండు పాట ‘అవుట్‌షైన్డ్’ విని, వేళ్ల మీద దెబ్బలు లెక్క పెట్టండి. ముఖ్యమైన వరసకు ఏడు. మిశ్రచాపు వేసి అలవాటున్నవారికి చేయి దానంతటదే సర్దుకుంటుంది. పైగా ఆ బరువు! లావు తీగను శ్రుతి దించి వాయిస్తే, రోకలితో దంచినట్టుంటుంది.

కెవిన్ షీల్డ్స్‌ను ఒక్క మాటలో పట్టుకోవడం కష్టం. ఆయన బ్యాండు మై బ్లడీ వాలెంటైన్ 1991లో తెచ్చిన ‘లవ్‌లెస్’ ఆల్బమ్ వినండి. వీణ మీద తీగను పక్కకు లాగితే ఒక స్వరానికి గమకం వస్తుంది. షీల్డ్స్ గిటారు మీదుండే లోహపు కాడను (ట్రెమోలో ఆర్మ్) చేతిలోనే ఉంచుకుని వాయిస్తారు కాబట్టి, కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మొత్తం, ఆరు తీగలూ కలిసి ఊగుతాయి. మొదటిసారి వింటే టేపు పాడైందేమో అనిపిస్తుంది. రెండోసారికి అలవాటవుతుంది. మూడోసారి వదలదు.

చివరగా జాన్ ఫ్రుషాంటె. నాకు అందరికంటే దగ్గరివారు. 18 ఏళ్లకే, 1988లో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్‌లో చేరారు. 1992లో పర్యటన మధ్యలోనే బ్యాండును వదిలేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత మత్తుమందుల్లో కూరుకుపోయి ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. 1998లో తిరిగి వచ్చారు, 1999లో ‘కాలిఫోర్నికేషన్’ ఆల్బమ్ వచ్చింది. అదే పేరున్న పాట ఆరంభంలో ఆయన వాయించేవి రెండే కార్డులు, అవీ ఒక్కో స్వరంగా విడదీసి. గిటారు పట్టిన వారంలో మీరూ నేర్చుకోవచ్చు. సోలోలో స్వరాలను లెక్కపెట్టవచ్చు, అంత తక్కువ. తప్పు దాచుకోవడానికి చోటు లేదు, వేగం చాటున నక్కే వీలు లేదు. ఒక్కో స్వరాన్నీ నిలబెట్టి, అది అయిపోయేదాకా ఆగి, తర్వాతి దాన్ని ముట్టుకుంటారు.

పెడల్ ఆపేశాను. స్విచ్ ముట్టుకోవడం లేదు. ఆ మొదటి వరసను మెల్లగా వాయిస్తున్నాను. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న ఖాళీని వినండి.