మదర్లీ వేరు, మెటర్నల్ వేరు

అందరికీ నమస్కారం.

ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్. డిక్షనరీ తీస్తే మూడింటికీ అడగడమనో, ప్రశ్నించడమనో ఉంటుంది. అలాగని పైఅధికారికి "లీవు గురించి మిమ్మల్ని ఇంటరాగేట్ చేయాలనుకుంటున్నాను" అని మెయిల్ పెట్టి చూడండి. ఆయన నవ్వి ఊరుకుంటే మీ అదృష్టం. ఆ మాటకు పోలీస్ స్టేషన్ వాసన అంటుకుని ఉంది.

ఒకే పనికి ఇన్ని మాటలెందుకంటే, కొంత 1066లోకి వెళ్లాలి. ఆ ఏడాది నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండును గెలిచాడు. ఆయన వెంట వచ్చినవాళ్ల భాష ఫ్రెంచ్. కొలువులో, పెద్దింటివాళ్ల నోట ఆ భాషే నడిచింది. పొలాల్లో, మామూలు ఇళ్లలో ఇంగ్లీషు. చర్చిలో, చదువుల్లో లాటిన్. పోనుపోనూ మూడూ కలిసిపోయాయి గానీ, మాటలకు పుట్టింటి పోలికలు పోలేదు. ఆస్క్ పాత ఇంగ్లీషు, క్వశ్చన్ ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్. కింగ్లీ, రాయల్, రీగల్ కూడా అంతే. ఆవు, గొర్రెల పేర్లు (కౌ, షీప్) ఇంగ్లీషు, వాటి మాంసం పేర్లు (బీఫ్, మటన్) ఫ్రెంచ్ అనే ఉదాహరణ ప్రతి సభలోనూ వినేదే, వదిలేస్తున్నాను.

నాకిష్టమైన జంట మదర్లీ, మెటర్నల్. రెండింట్లోనూ అమ్మే ఉంది. కానీ మెటర్నల్ గ్రాండ్‌మదర్ అంటే అమ్మమ్మ, అంటే వరస. ఆవిడ మనల్ని ఒక్కసారి కూడా దగ్గరకు తీసుకోకపోయినా మెటర్నలే. మదర్లీ అంటే తల్లిలా చూసుకునే మనిషి. కాబట్టి నాయనమ్మ ఎంతైనా మదర్లీ కావచ్చు, మెటర్నల్ గ్రాండ్‌మదర్ మాత్రం కాలేదు. అయితే మెటర్నల్ అంటే ఎప్పుడూ వరసే అనుకోకండి. మెటర్నల్ ఇన్‌స్టింక్ట్ అన్నప్పుడు అందులో తల్లి మనసే ఉంది. పక్కన ఏ మాట ఉందో చూస్తేనే తేలేది.

హార్టీ, కార్డియల్ కూడా అంతే. లాటిన్‌లో 'కోర్' అన్నా గుండే. హార్టీ వెల్‌కమ్, కార్డియల్ వెల్‌కమ్ రెండూ చెల్లుతాయి. కానీ హార్టీ లాఫ్ అంటే కడుపారా నవ్వడం, కార్డియల్ లాఫ్ అని ఎవరూ అనరు. రెండు దేశాల మధ్య చర్చలు కార్డియల్‌గా జరిగాయంటే మర్యాద తప్పలేదని అర్థం. అంతకుమించి ఊహించుకోవద్దు.

లాయర్లకు మాత్రం ఈ ఎంపిక బాధ లేదు, రెండూ రాసేస్తారు! వీలునామాకు వాళ్లు రాసే విల్ అండ్ టెస్టమెంట్‌లో మొదటిది ఇంగ్లీషు, రెండోది లాటిన్. పగలగొట్టి చొరబడడమనే బ్రేకింగ్ అండ్ ఎంటరింగ్‌లో రెండోది ఫ్రెంచ్. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు, అప్పుడు కూడా రికార్డులు రాసింది లాటిన్‌లోనే. అన్ని జంటలూ ఇలా రెండు భాషలవి కావు. చెల్లదని చెప్పే నల్ అండ్ వాయిడ్‌లో రెండూ ఫ్రెంచ్ వైపువే.

ఇక పుట్ అవుట్, ఎక్స్‌టింగ్విష్. గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ మీద ఎక్స్‌టింగ్విషర్ అని ఉంటుంది, నిజంగా మంట లేస్తే మాత్రం "పుట్ ఇట్ అవుట్!" అని అరుస్తారు. పైగా ఈ చిన్న మాట ఇంకో పని కూడా చేస్తుంది. "షీ వాజ్ పుట్ అవుట్" అంటే ఆవిడ నొచ్చుకుంది అని. అక్కడ ఎక్స్‌టింగ్విష్ పెడితే ఆవిడే ఆరిపోతుంది.