పత్తి చెక్క, సోయా, తవుడు: చెరువులో చేప దేనితో పెరుగుతుంది?

(తెర మీద: తెల్లవారుజాము. పెద్ద చెరువు. నీళ్ళలో వరసగా పాతిన వెదురు గడలు, గడకో సంచి. నాటు పడవలో ఒకాయన సంచులు నింపుకుంటూ వస్తున్నాడు.)

నమస్కారమండీ. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా కైకలూరు వెళ్ళే దారిలో తెల్లవారుజామున మీకు కనపడేది ఇదే. ఆ సంచుల అడుగున చిల్లులుంటాయి. లోపల నూనె తీసిన తవుడు, అందులో కాస్త వేరుశనగ చెక్కో పత్తి చెక్కో కలిపి ఉంటుంది. శీలావతి (రోహు) చేపలు వచ్చి ఆ చిల్లులకు మూతి ఆనించి తింటాయి. అదే మేత పొడిగా చల్లితే సగం నీళ్ళలో చెదిరి అడుగుకు పోతుంది. సంచిలో కడితే చేప నోటికే అందుతుంది. ఈ పద్ధతి మన రైతులు గట్టు మీద నిలబడి, చూసి, ఆలోచించి పట్టుకున్నది. దీన్ని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు సంచి లోపలికి చూడండి. రైస్ మిల్లు తవుడు. గుంటూరు వైపు జిన్నింగ్ మిల్లుల్లో దూది తీశాక మిగిలే పత్తి గింజను నూనె మిల్లులో పిండితే వచ్చిన చెక్క. అంతా చేలల్లో పండిందే. చెట్టూ చేమా ఇచ్చిన ఈ సరుకుతో చేప కండ ఎంతవరకు పడుతుంది? ఎక్కడ ఆగిపోతుంది? ఎందుకు ఆగిపోతుంది?

మా మేనమామకు కైకలూరు దగ్గర ఆరెకరాల చెరువుంది. ఒక ఏడు వేరుశనగ చెక్క ధర బాగా పెరిగిందని, దాన్ని పూర్తిగా మానేసి పత్తి చెక్క కొన్నాడు. ప్రోటీన్ దాదాపు అంతే ఉంటుందని అమ్మినాయన చెప్పాడు. మేత తగ్గించలేదు, నీటి విషయంలో ఏ లోటూ చెయ్యలేదు. పట్టుబడి రోజున వల లాగితే తల పెద్దది, ఒళ్ళు సన్నం. "పొడుగు సాగినయ్ గానీ కండ పట్టలేదు అల్లుడూ" అన్నాడు కాటా పక్కన నిలబడి. ఆ మాట నన్ను వదల్లేదు. ఈ వీడియో ఆ మాటకు నేను వెతుక్కున్న జవాబు.

(తెర మీద: ఒక మేత బస్తా. దాని మీద ముద్రించిన ప్రోటీన్ శాతం దగ్గరగా.)

ముందు ఈ శాతం సంగతి చూద్దాం. ప్రయోగశాలలో మామూలుగా ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. మేతలో నత్రజని ఎంతుందో చూసి దాన్ని 6.25తో గుణిస్తారు, ఎందుకంటే ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. లెక్క బాగానే ఉంది. కానీ నత్రజని యూరియాలోనూ ఉంటుంది. ఎవరైనా చెక్కలో యూరియా కలిపితే కాగితం మీద ప్రోటీన్ పెరుగుతుంది, చేపకు మాత్రం ఏమీ రాదు. 2008లో చైనాలో పాలపొడిలో నత్రజని ఎక్కువున్న మెలమిన్ అనే రసాయనం కలిపి పసిపిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది ఈ కిటుకుతోనే. కాబట్టి బస్తా మీది అంకె ఒక్కటే చూసి మేత కొనకండి.

సరే, కల్తీ లేని మంచి చెక్కే అనుకుందాం. అప్పుడూ అంకె పూర్తి నిజం చెప్పదు. చేపపొడిలో 60 శాతం పైన ప్రోటీన్ ఉంటుంది. సోయా చెక్కలో 44 నుంచి 48, వేరుశనగ చెక్కలో 40కి అటూ ఇటూ, నూనె తీసిన తవుడులో 15 దాకా. పత్తి చెక్కది విచిత్రమైన సంగతి: పొట్టు తీసి ఆడిస్తే 40 దాకా వస్తుంది, పొట్టుతో సహా పిండితే అందులో సగమే. రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. మీరు కొంటున్నది ఏదో అడగండి, చేతిలోకి తీసుకుని నలిపి చూడండి. నల్లటి పొట్టు, దూది నూగు కనపడితే అది పీచే.

(తెర మీద: మంగళగిరిలో ఒక మగ్గం. అంచులో జరీ మెరుస్తోంది.)

ఇప్పుడు మగ్గం దగ్గరికి ఎందుకొచ్చామంటే, ప్రోటీన్ అనేది ఒకే రకం దారం కాదు. అమైనో ఆమ్లాలనే రకరకాల దారాల నేత అది. వాటిలో పదింటిని చేప తన ఒంట్లో తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. మంగళగిరి చీర నేసేటప్పుడు జరీ అయిపోతే, పక్కన నూలు కండెలు ఎన్ని ఉన్నా ఆ చీర మగ్గం దిగదు. చేప కండ కూడా అంతే. ఆ పదింటిలో లైసిన్, మిథియోనిన్ అనేవి రెండున్నాయి. వేరుశనగ చెక్కలో ఆ రెండూ తక్కువ. పత్తి చెక్కలో లైసిన్ తక్కువ. సోయాలో లైసిన్ బాగానే ఉంటుంది, మిథియోనిన్ దగ్గర తడబడుతుంది. చేపపొడిలో రెండూ సమృద్ధి, అందుకే దానికి అంత ధర.

మరి మిగిలిపోయిన నూలు ఏమవుతుంది? చేప దాన్ని రేపటికి దాచుకోలేదు. ఇంధనంలా కాల్చేస్తుంది. అందులోని నత్రజని అమ్మోనియాగా మారి మొప్పల్లోంచి నీళ్ళలోకి వస్తుంది. మనం డబ్బు పెట్టి కొన్న ప్రోటీన్ కండగా మారాల్సింది పోయి, చెరువు నీటినే పాడుచేస్తోందన్నమాట. మా మావయ్య చెరువులో జరిగినదాంట్లో ఒక భాగం ఇదే.

రెండో భాగం పత్తి గింజలోనే ఉంది. గింజను చీల్చి చూడండి, పప్పులో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి చిన్న తిత్తులు, వాటిలో గాసిపాల్ అనే పసుపుపచ్చ పదార్థం ఉంటుంది. పురుగు పుట్ర తినకుండా పత్తి మొక్క తనకు తాను కట్టుకున్న కంచె అది. మరి గేదెకు పత్తి చెక్క పెడుతున్నాం కదా, దానికేం కాదే అని మీరు అడగొచ్చు. పెద్ద గేదెకు నెమరు వేసే పొట్ట ఉంది. అందులోని సూక్ష్మజీవులు, ప్రోటీన్లు గాసిపాల్‌ను చాలావరకు కట్టి పడేస్తాయి. శీలావతికి, బొచ్చెకు అలాంటి ఏర్పాటు లేదు. అసలు ఈ జాతి చేపలకు జీర్ణాశయమే ఉండదు, నోటి నుంచి నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది తిండి.

గాసిపాల్ ఇంకో నష్టం కూడా చేస్తుంది. గింజను వేడి చేసి పిండేటప్పుడు అది లైసిన్‌కు అతుక్కుపోతుంది. అసలే తక్కువ లైసిన్, ఆ ఉన్నది కూడా చేపకు అందదు. అందుకే మేత తయారీలో అన్నభేది, అంటే ఐరన్ సల్ఫేట్, కొలత ప్రకారం కలుపుతారు. ఇనుము గాసిపాల్‌ను పట్టుకుని పక్కకు తీసుకుపోతుంది. పిల్లల ఉత్పత్తి కోసం తల్లి చేపలను పెంచేవాళ్ళు మాత్రం పత్తి చెక్కకు దూరంగా ఉండటమే మేలని నా గట్టి అభిప్రాయం. మగవాళ్ళలో వీర్యకణాలను తగ్గిస్తుందని 1970లలో చైనాలో ఇదే గాసిపాల్‌ను గర్భనిరోధక మందుగా పరీక్షించారు.

సోయా విషయం తేలిక. పచ్చి సోయాలో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది, సరిగ్గా ఉడికిస్తే పోతుంది. మరీ మాడిస్తే లైసిన్ కూడా పోతుంది. అంతే.

(తెర మీద: చెరువు అంతా చిక్కటి పచ్చ నీరు. తెల్లవారుతుండగా చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.)

ఇది చూసినప్పుడల్లా నాకు గుండె జారిపోతుంది. దీనికీ మేతకూ సంబంధం ఉంది. గింజల్లో భాస్వరం దండిగా ఉంటుంది, కానీ అందులో సుమారు మూడింట రెండొంతులు ఫైటేట్ అనే తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. తవుడులో అయితే మరీ ఎక్కువ. ఆ తాళం తీసే ఫైటేజ్ అనే ఎంజైము చేప పేగులో చాలదు. ఎముకకు అందాల్సిన భాస్వరం పెంటలో కలిసి నీళ్ళలోకి పోతుంది. నీళ్ళలో అది నాచుకు ఎరువు. నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే పీల్చేస్తుంది. అందుకే తెల్లవారుజామున చేప నోరు తెరుస్తుంది.

మేతలో ఫైటేజ్ కలిపితే సరిపోతుందిగా అంటారా? కోళ్ళలో చాలావరకు సరిపోయింది. ఆ ఎంజైము పులుపులో బాగా పనిచేస్తుంది, కోడికి జీర్ణాశయంలో ఆమ్లం ఉంది. మన శీలావతికి జీర్ణాశయమే లేదని చెప్పుకున్నాం కదా. అందుకే ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ శాస్త్రవేత్తలు శీలావతి మేతలో ఫైటేజ్‌తో పాటు సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు, కలిపి చూశారు. ఆ పులుపు తోడైతే ఖనిజాలు ఒంటికి మెరుగ్గా పట్టాయి.

వేరుశనగ చెక్క కొనేవాళ్ళు ఈ ఒక్క మాట శ్రద్ధగా వినండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. కారణం వెతుకుతూ పోతే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. దానికి పట్టిన బూజు విడిచిన విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఇంచుమించు అదే కాలంలో అమెరికా హేచరీల్లో ట్రౌట్ చేపలకు కాలేయ క్యాన్సర్ గుంపులు గుంపులుగా వచ్చింది. అక్కడ బూజు పట్టింది పత్తి గింజల చెక్కకు. ఈ విషం ఎండబెడితే పోదు, ఉడకబెట్టినా పెద్దగా పోదు. వానాకాలంలో బస్తాలు నేల మీద వెయ్యకండి. చెక్క బల్లలు వేసి, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. చెక్క ముక్క విరిస్తే ముక్కిపోయిన వాసన వచ్చినా, లోపల పచ్చగానో బూడిదరంగుగానో పొర కనపడినా ఆ బస్తా చెరువుకు వద్దు. నష్టం అక్కడితో ఆగుతుంది.

ఇన్ని లోపాలు చెప్పాను గదా అని మొక్కల మేత పనికిరాదనుకోకండి. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. నార్వేలో పెంచే సాల్మన్ మాంసాహారి చేప. 1990లో దాని మేతలో దాదాపు 90 శాతం సముద్రపు సరుకే. 2013 నాటికి అది 30 శాతం దగ్గరికి దిగింది, మిగతాదంతా సోయా, గోధుమ, ఆవజాతి నూనెల లాంటివే. మాంసం తినే చేపకే అది సాధ్యమైతే, పెద్దయ్యాక ఎక్కువగా నాచూ ఆకులూ తినే శీలావతికి ఇంకెంత సులువు! కొర్రమీను పెంచేవాళ్ళకు మాత్రం ఈ మాట వర్తించదు, దానికి జంతు ప్రోటీన్ బాగా కావాలి. పైగా చేపపొడి కోసం సముద్రంలో కవళ్ళు, చిన్నచేపలు ఊడ్చుకు రావడం, వాటిని మనుషులే తినగలిగినప్పుడు, నాకు న్యాయంగా అనిపించదు.

పాత రోజుల్లో తవుడు, చెక్కలతోనే పంట ఎలా వచ్చింది మరి? చెరువు సాయం చేసింది. పేడ ఎరువు వేసి నీళ్ళు పచ్చబారాక పుట్టే సన్నటి పురుగుల్లో, జంతు ప్లవకాల్లో, ఎండు బరువులో సగం దాకా ప్రోటీనే. చెక్కలో లేని లైసిన్, మిథియోనిన్ అక్కడ దొరికేవి. జరీ చెరువే ఇచ్చింది. ఎకరాకు పిల్లలు పెంచేకొద్దీ ఒక్కో చేప వాటాకు వచ్చే పురుగు తగ్గిపోయింది. అప్పుడు బయటపడింది సంచిలోని లోటు. అందుకే పక్క చెరువాయనకు పనిచేసిన మేత మీకు పనిచెయ్యకపోవచ్చు. ఆయన ఎన్ని పిల్లలు వదిలాడో ముందు అడగండి.

(తెర మీద: నల్లబల్ల మీద సుద్దముక్కతో లెక్క.)

ఇక డబ్బు. ధరలు ఊరికే లెక్క కోసం వేస్తున్నాను, మీవి మీరు వేసుకోండి. తవుడు, చెక్కల మేత కిలో 25 రూపాయలు, కిలో చేపకు 3 కిలోలు పట్టిందనుకుందాం. 75 రూపాయలు. తేలే పెల్లెట్, అంటే నీళ్ళ మీద తేలే గుళికల మేత, కిలో 40, కిలో చేపకు కిలోన్నర పట్టింది. 60 రూపాయలు. బస్తా ధర ఎక్కువైనదే చేప ధరలో తక్కువైంది. పెల్లెట్ కూడా ఎక్కువగా మొక్కల సరుకే. తేడా అంతా రెండు మూడు చెక్కలను ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చేలా కలపడంలో, తక్కువైన అమైనో ఆమ్లాన్ని విడిగా చేర్చడంలో, వేడిమీద ఉడికించడంలో ఉంది. అయితే పిల్లలు పలచగా వదిలి, నీళ్ళు బాగా పచ్చగా ఉన్న చెరువులో సంచి మేతే గెలవొచ్చు. కొలవకుండా ఎవరూ చెప్పలేరు.

కొలవడం అంటే పెద్ద పనేం కాదు. పదిహేను రోజులకోసారి విసురు వల వేసి ఒక యాభై చేపలు పట్టండి. బకెట్టులో తూచి, సగటు రాయండి. ఆ పదిహేను రోజుల్లో వేసిన మేత పక్కన రాయండి. అనుమానం వస్తే విజయవాడ పక్కన పోరంకిలో కేంద్ర మంచినీటి జలచరాల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆ పుస్తకం పట్టుకుని వెళ్ళండి. అంకెలు చూపిస్తే వాళ్ళు చెప్పే సలహాకు విలువ పెరుగుతుంది.

(తెర మీద: మళ్ళీ అదే చెరువు. మావయ్య వల లాగుతున్నాడు. కాటా ముల్లు ఊగుతోంది.)

మా మావయ్య ఇప్పుడు పత్తి చెక్కను పూర్తిగా మానలేదు. తగ్గించాడు. సోయా కలిపాడు, నెలలో కొన్ని రోజులు పెల్లెట్ వేస్తున్నాడు. గట్టు మీద పాకలో మేకుకు తగిలించిన నోటు పుస్తకం ఉంది. మొన్న వెళితే అదే తీసి ముందు పెట్టాడు. "పోయిన పదిహేను రోజుల కంటే అరవై గ్రాములు ఎక్కువ వచ్చింది అల్లుడూ, తల కూడా చిన్నగానే కనపడతంది చూడు" అని, బకెట్టులోంచి ఒక శీలావతిని తీసి నా చేతిలో పెట్టాడు.