అలిపిరి మెట్ల లెక్క: ఒలింపియాడ్ అంటే అసలు ఏంటి?

[తెర మీద: తెల్లవారుజాము. అలిపిరి పాదాల మండపం. మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కుతున్న ఆడవాళ్లు.]

నమస్కారం. ఈ నడకదారిలో 3,550 మెట్లు ఉన్నాయంటారు. పెద్దవాళ్లు ఒక్కో మెట్టే ఎక్కుతారు. కుర్రాళ్లు రెండేసి మెట్లు దూకుతారు, గాలిగోపురం వచ్చేలోపే కూలబడతారు. అది వేరే సంగతి.

ఇప్పుడు లెక్క. ఒక అడుగులో ఒక మెట్టు ఎక్కొచ్చు, లేదా రెండు మెట్లు ఎక్కొచ్చు. అంతకు మించి కుదరదు. మొదటి పది మెట్లు ఎన్ని రకాలుగా ఎక్కొచ్చు?

వీడియో ఆపి కాగితం తీసుకోండి. నేనెక్కడికీ పోను.

[కట్: ఇంటి మేడ. గోడకు ఆనించిన నల్లబల్ల. చేతిలో చాక్‌పీస్‌తో ఒక అమ్మాయి, వెనక నుంచి మాత్రమే కనిపిస్తుంది.]

ఇదే లెక్క మా మేనకోడలికి ఇచ్చాను. తొమ్మిదో తరగతి. వినగానే "మామా, దీనికి ఫార్ములా ఏది?" అంది. లేదన్నాను. "ఏ చాప్టర్?" అంది. ఏ చాప్టరూ కాదన్నాను. కాసేపు నన్ను అనుమానంగా చూసి, చిన్న సంఖ్యలతో మొదలుపెట్టింది. ఒక మెట్టుకు ఒకటే దారి. రెండు మెట్లకు రెండు. మూడు మెట్లకు మూడు. "అయితే పదికి పది!" అని చాక్‌పీస్ కింద పెట్టేసింది.

నాలుగు మెట్లకు కూడా రాసి చూడమ్మా అన్నాను.

[బల్ల మీద ఒక్కొక్కటిగా: 2+2, 2+1+1, 1+2+1, 1+1+2, 1+1+1+1]

ఐదు వచ్చాయి. నాలుగు రావాల్సిన చోట ఐదు! మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది. అప్పుడు అడిగాను, "ఈ ఐదూ నువ్వు ఇంతకు ముందే చూశావు, ఎక్కడో చెప్పు" అని.

లెక్కల క్లాసులో చూడలేదు. తెలుగు క్లాసులో చూసింది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కంద పద్యంలో వచ్చే గణాలు గుర్తున్నాయా? గగ, భ, జ, స, నల. అన్నీ నాలుగు మాత్రల గణాలే. బల్ల మీద రాసినవాటిని అదే వరుసలో చదవండి. గగ అంటే 2+2. భ అంటే 2+1+1. జ అంటే 1+2+1. స అంటే 1+1+2. నల అంటే నాలుగు ఒకట్లు. కందానికి ఐదు గణాలే ఎందుకని నేను చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగు మాత్రలను లఘుగురువులతో పేర్చడానికి ఉన్నవే ఐదు దారులు, అందుకని!

సరే, పది మెట్లకు ఎన్ని? అన్నీ రాస్తూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. వెనక నుంచి ఆలోచిద్దాం. పదో మెట్టు మీదకు వచ్చిన చివరి అడుగు ఎక్కడి నుంచి పడింది? తొమ్మిదో మెట్టు నుంచైనా పడాలి, ఎనిమిదో మెట్టు నుంచైనా పడాలి. ఇంకో దారి లేదు. అంటే, తొమ్మిదికి ఎన్ని దారులో, ఎనిమిదికి ఎన్ని దారులో, ఆ రెండూ కలిపితే పదికి వచ్చేస్తాయి.

[తెర మీద మెట్లలా పేర్చుకుంటూ: 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89]

జవాబు 89. మొత్తం 3,550 మెట్లకూ ఇలాగే కూడుకుంటూ పోతే వచ్చే సంఖ్యలో 742 అంకెలుంటాయి. కాబట్టి పక్కవాడు ఎక్కినట్టే మీరూ ఎక్కే ప్రమాదం పెద్దగా లేదు.

ప్రపంచం ఈ వరుసను ఇటలీ గణితవేత్త ఫిబొనాచి పేరుతో పిలుస్తుంది. ఆయన పుస్తకం 1202లో వచ్చింది. అంతకు ముందే, 12వ శతాబ్దంలో, మన జైన పండితుడు హేమచంద్రుడు మాత్రల లెక్కలోనే ఈ వరుసను చెప్పాడు. ఆయనకంటే కొన్ని వందల ఏళ్ల ముందు విరహాంకుడు చెప్పాడు. వాళ్లిద్దరినీ ఈ వరుస దగ్గరికి తెచ్చింది ఛందస్సే.

[కట్: కెమెరా ముందు.]

మ్యాథ్స్ ఒలింపియాడ్ లెక్క అంటే ఇలా ఉంటుంది. ఫార్ములా చేతికివ్వరు. మొదటి ఊహ తప్పుతుంది. చివరికి, 89 అని చెప్పడం కంటే, 89 ఎందుకో చెప్పడమే పెద్ద పని అవుతుంది.

మన దేశంలో దీనికి ఒక పరీక్షల వరుస ఉంది. మొదటిది ఐఓక్యూఎం, అంటే తొలి అర్హత పరీక్ష. ఈమధ్య ఏళ్లలో సెప్టెంబరులో పెడుతున్నారు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. ఆప్షన్లు ఇవ్వరు. ప్రతి జవాబూ 0 నుంచి 99 లోపు ఒక పూర్ణ సంఖ్య, దాన్ని ఓఎంఆర్ షీట్‌లో దిద్దాలి. మన 89 అక్కడ చక్కగా సరిపోతుంది. అది దాటితే ప్రాంతీయ స్థాయి ఆర్‌ఎంఓ. మూడు గంటల్లో ఆరు లెక్కలు, అంతే. అక్కడి నుంచి ఉత్త జవాబుకు విలువ లేదు, నిరూపణ రాయాలి. తర్వాత జనవరిలో జాతీయ స్థాయి ఐఎన్‌ఎంఓ, ఆపైన శిక్షణ శిబిరం. చివరికి మిగిలే ఆరుగురు దేశం తరఫున ఐఎంఓకు, అంటే అంతర్జాతీయ మ్యాథ్స్ ఒలింపియాడ్‌కు వెళ్తారు. దేశంలో ఈ కార్యక్రమాన్ని నడిపించేది ముంబైలోని హోమీ భాభా సెంటర్.

ఐఎంఓ 1959లో రొమేనియాలో ఏడు దేశాలతో మొదలైంది. మనం 1989 నుంచి వెళ్తున్నాం. రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడేసి లెక్కలు. లెక్కకు ఏడు మార్కుల చొప్పున మొత్తం 42. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో జరిగినప్పుడు మనవాళ్లు నాలుగు బంగారు పతకాలు, ఒక వెండి పతకంతో నాలుగో స్థానంలో నిలిచారు. ఇంకో మాట, అక్కడ ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు రాయొచ్చు.

[తెర మీద: ఊళ్లో ఫ్లెక్సీలు. పేర్లు, ముఖాలు మసకగా.]

ఇక అసలు గొడవకు వద్దాం. మన బడుల్లో "ఒలింపియాడ్" అని ఫీజు కట్టించుకుని పెట్టే పరీక్షలు చాలానే ఉన్నాయి. నాలుగు ఆప్షన్లు, నిమిషానికో ప్రశ్న, చివర్లో ఒక మెడల్. వాటితో నష్టం లేదు, పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ ఇప్పుడు చెప్పిన వరుసకూ వాటికీ సంబంధం లేదు. ఈ తేడా తెలియక ఎంతమంది అమ్మానాన్నలు టెన్షన్ పడుతున్నారో! "ఒలింపియాడ్ బ్యాచ్" అని ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంటర్ క్యాలిక్యులస్ చెప్పేవాళ్లూ ఉన్నారు. ఐఎంఓకు క్యాలిక్యులస్సే అక్కర్లేదు. సంఖ్యావాదం, బీజగణితం, రేఖాగణితం, ఇందాకటి మెట్ల లెక్కలాంటి లెక్కింపులు, ఈ నాలుగే.

నా సంగతి చెబుతాను. పదో తరగతిలో ఒక రేఖాగణితం లెక్క నాకు తోచిన దారిలో చేశాను. జవాబు సరిగ్గానే వచ్చింది. "గైడ్‌లో ఉన్న స్టెప్పులు లేవు" అని సున్నా వేశారు. ఏ బడి, ఎవరు అన్నది వదిలేయండి. ఆ తర్వాత చాలా కాలం సొంతంగా ఆలోచించాలంటే భయపడ్డాను. ఐఎంఓ పేపర్లు దిద్దేటప్పుడు ఎవరూ ఊహించని దారిలో వచ్చినా, తర్కం నిలబడితే ఏడుకు ఏడూ వేస్తారని తెలిసిన రోజున నాకు కాస్త ఏడుపొచ్చింది కూడా.

పోటీలో గెలిచినవాళ్లే గణితవేత్తలవుతారని మాత్రం అనుకోకండి. ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ 1994, 1995లో ఐఎంఓ బంగారు పతకాలు గెలిచి, 2014లో గణితంలో అతి పెద్ద పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్నారు. నిజమే. 2022లో అదే మెడల్ అందుకున్న జూన్ హ కవి కావాలని హైస్కూలు మధ్యలోనే మానేసిన మనిషి. గడియారం పక్కన పెట్టుకుని ఆలోచించడం అందరికీ పడదు. మీ పాపకు పడకపోతే పరీక్ష మానిపించండి, లెక్క మాత్రం మానిపించకండి. పాత ఐఓక్యూఎం పేపర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. వారానికి ఒక్క లెక్క చాలు, ఆదివారం ఇడ్లీ తిన్నాక కూర్చోండి.

చిత్తూరు జిల్లావాళ్లయితే ఒకసారి కుప్పం వైపు వెళ్లండి. అక్కడ పిల్లలకు సైన్స్ నేర్పే అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్‌లో 2017లో రామానుజన్ మ్యాథ్ పార్క్ తెరిచారు. తిరుపతిలో ఉన్నవాళ్లకు అలిపిరి దగ్గరే సైన్స్ సెంటర్ ఉంది. పిల్లలు అక్కడ వస్తువులను ముట్టుకుని, తిప్పి చూడొచ్చు.

[కట్: మళ్లీ మేడ. బల్ల మీద పది మెట్ల బొమ్మ. ఏడో మెట్టు మీద ఇంటూ గుర్తు.]

మా మేనకోడలికి ఇంకో లెక్క ఇచ్చి వచ్చాను. వాన పడి ఏడో మెట్టు జారుతోంది, దాని మీద కాలు పెట్టకూడదు. ఇప్పుడు పది మెట్లు ఎన్ని రకాలుగా ఎక్కొచ్చు? ఇది కూడా రెండంకెల జవాబే. ముందు 68 అంది. తర్వాత తనే కొట్టేసింది. అన్నం చల్లారిపోతోందని మా అక్క రెండుసార్లు కేకేసింది.

"ఉండమ్మా, ఆరు నుంచి ఎనిమిదికి దూకాల్సిందే కదా, అయితే..."

[చాక్‌పీస్ చప్పుడు. తెర చీకటి.]