తాండాలో ఏ భాషలో మాట్లాడాలి?

శ్రోతలకు నమస్కారం.

ఆదోని సంతలో కాసేపు నిలబడితే తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చెవిన పడతాయి. వచ్చిన మనిషిని బట్టి కూరగాయలమ్మే ఆమె భాష మార్చేస్తుంది. ఇలాంటి సీమలో పుట్టి, క్రైస్తవ సేవకు వెళ్లాలనుకునే పిల్లలకు మళ్లీ భాషాశాస్త్రం చదువు ఎందుకని కొందరు అడుగుతుంటారు. బైబిల్ తెలుసు, మూడు భాషలొచ్చు, ఇంకేం కావాలని.

సంత భాష బేరానికి సరిపోతుంది. అనంతపురం వైపు ఏదైనా లంబాడీ తాండాకు వెళ్లండి. బయట పనులకు తిరిగేవాళ్లు మీతో చక్కగా తెలుగులో మాట్లాడతారు. మనవడికి జ్వరమొస్తే అవ్వ మొక్కుకునేది మాత్రం లంబాడీలోనే. అది మన ద్రావిడ భాషల కుటుంబానిది కాదు, రాజస్థానీకి చుట్టం. మీ ప్రసంగానికి అవ్వ తల ఊపిందంటే, అర్థమై ఊపిందో, ఇంటికొచ్చినవాళ్లను చిన్నబుచ్చడమెందుకని ఊపిందో!

అందుకే "అర్థమైందా?" అని అడగొద్దంటుంది ఈ చదువు. విన్నది వాళ్ల మాటల్లో మళ్లీ చెప్పించుకోమంటుంది. బైబిల్ అనువాదకులూ ఇంతే. తాము అనువదించిన భాగాన్ని, అది అంతకుముందు తెలియని మనిషికి చదివి వినిపించి, ఏం అర్థమైందో చెప్పమంటారు. అతను తికమకపడితే దిద్దుకోవలసింది అనువాదాన్నే.

1934లో అమెరికాలోని ఆర్కన్సాలో టౌన్సెండ్ అనే మిషనరీ ఈ పనికోసం వేసవి శిక్షణ మొదలుపెట్టాడు. అక్కడ చదువుకున్నవాడే కెనెత్ పైక్, తర్వాత పేరున్న భాషాశాస్త్రవేత్త అయ్యాడు. ఇద్దరికీ తెలిసిన భాష ఏదీ వాడకుండానే కొత్త భాషను పట్టుకునే ఆయన ప్రదర్శన తమాషాగా ఉండేది. తనకు రాని భాష మాట్లాడే మనిషిని సభలో ఎదురుగా నిలబెట్టుకునేవాడు. ఇంగ్లీషు వాడకూడదు కాబట్టి తను మెక్సికోలో నేర్చుకున్న మిక్స్‌టెక్ భాషలో పలకరించేవాడు. ఒక ఆకు చూపించడం, రెండు చూపించడం, ఒకటి కింద పడేయడం, విన్నది విన్నట్టు నల్లబల్ల మీద రాయడం. కాసేపట్లోనే ఆ భాష ధ్వనులు, వాక్యాల తీరు కొంత కొంత బయటపడేవి. అందులో గారడీ ఏమీ లేదు, చెవికిచ్చిన శిక్షణే.

అయితే ఎంత శిక్షణ ఉన్నా, ఆ భాష మాట్లాడేవాళ్ల తోడు లేనిదే ఈ పని సాగదు. మన కడపకు 1820లో వచ్చిన సి.పి. బ్రౌన్ మిషనరీ కాదు, కంపెనీ ఉద్యోగి. ఆయన నిఘంటువు వెనక జీతమిచ్చి పెట్టుకున్న పండితులున్నారు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్లు, క్రాన్, డెగ్రాంజెస్‌లు, బైబిల్‌ను తెలుగు చేయబూనితే వాళ్లకు ఆనందరాయర్ తోడయ్యాడు. ఈ పండితుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇప్పుడు కర్నూలు నుంచో కడప నుంచో ఒడిశా కొండ ఊళ్లకు ఒక కుర్రాణ్ణి పంపిన సంఘం, నెల తిరిగేసరికి రిపోర్టు అడుగుతుంది. ఆ టెన్షన్‌లో వాడు వచ్చీరాని భాషలో ప్రసంగాలు మొదలుపెడతాడు. పంపే పెద్దలూ, మొదటి ఏడాది రిపోర్టు అడగకండి. ఒక ఇంట్లో ఉండి, వాళ్లతో పొలం వెళ్లి, ఎవరి ముందు ఎవరు కూర్చోరో, ఆడవాళ్లను ఎలా పలకరించాలో చూసుకోనివ్వండి. భాష నేర్పే ఆ ఊరివాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు కూడా బడ్జెట్‌లో రాసుకోండి.