పాత ఆటలో నీళ్ళు ఎందుకు ఎర్రబడతాయి?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అందరికీ నమస్కారం.

విజయవాడ పటమటలో ఇంటర్నెట్ సెంటర్లు కిటకిటలాడే రోజుల్లో నేను ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో ఆట నేర్చుకున్నాను. 1999లో వచ్చింది అది. చాలా ఏళ్ళ తర్వాత ఇంట్లో విండోస్ 7 కంప్యూటర్‌లో వేసుకుంటే నీళ్ళు ఎర్రగా, గడ్డి ఊదాగా కనిపించాయి. ఒక షాపుకి పట్టుకెళ్ళాను. తెరకి బొమ్మని పంపే గ్రాఫిక్స్ కార్డు పోయిందని కొత్తది వేసి డబ్బు తీసుకున్నారు. నీళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. మీకు అలా జరగకూడదనే ఈ మాటలు చెబుతున్నాను.

ఆ ఆట నడిచేది 256 రంగులతో. తెరమీద ఒక్కో చుక్కకి ఉండేది రంగు కాదు, 0 నుంచి 255 లోపు ఒక నంబరు. ఏ నంబరుకి ఏ రంగో ఒక పట్టికలో ఉంటుంది. వన్‌టౌన్ వస్త్రలతలో చీరకి ఫాల్ కొనడానికి వెళ్ళి షేడ్ కార్డు చూసి నంబరు చెప్పారనుకోండి. ఈలోగా ఎవరో కార్డు మార్చేశారు. మీరు చెప్పిన నంబరు అదే, చేతికొచ్చిన రంగు వేరు! విండోస్ 7లో అలా రంగుల పట్టికని మార్చేది ఎక్స్‌ప్లోరర్, అంటే డెస్క్‌టాప్‌నీ టాస్క్‌బార్‌నీ చూపించే ప్రోగ్రామ్. టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఆపి ఆట తెరిచాను. నీళ్ళు నీలంగా వచ్చాయి. ఆ నీలం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆట అయ్యాక ఎక్స్‌ప్లోరర్‌ని టాస్క్ మేనేజర్ నుంచే మళ్ళీ నడిపించుకోవాలి.

ఇప్పుడైతే సీఎన్‌సీ డీడ్రా అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. ఆట ఫోల్డర్‌లో పెడితే, పాత ఆటలు బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్‌డ్రా అడిగేవాటిని కొత్త గ్రాఫిక్స్ కార్డుకి అర్థమయ్యేలా మార్చి అందిస్తుంది. పాత త్రీడీ ఆటలకైతే డీజీవూడూ ఉంది.

మనుషులు లావుగా సాగి కనిపిస్తున్నారా? వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉన్న బొమ్మని 16:9 తెరంతా లాగారన్నమాట. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్‌లో స్కేలింగ్‌ని ఆస్పెక్ట్ రేషియోకి మార్చండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఫలానా డీఎల్ఎల్, అంటే ఆట వాడుకునే సహాయక ఫైలు, లేదని ఆట ఆగిపోతే, టెన్షన్‌లో ఏదో సైట్ నుంచి ఆ ఒక్క ఫైలు తెచ్చుకోకండి, దాంతోపాటు వైరస్ రావచ్చు. పేరు డీ3డీఎక్స్9 అని మొదలైతే, మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో ఇచ్చిన డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీ వేసుకోండి. విండోస్ 10లో కూడా అది విడిగా వేసుకోవాల్సిందే.

పాత సీడీలు తెచ్చుకున్నవాళ్ళు ముందుకి రండి. నా దగ్గర యూఎస్‌బీ సీడీ డ్రైవ్ ఉంది, ఇక్కడే వేసి చూద్దాం.