మైకు అందించే ముందు

అందరికీ నమస్కారం. కాలేజీల్లో, సాహితీ సంస్థల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల్లో సభలు నడిపేవాళ్ళే ఇక్కడ ఎక్కువగా ఉన్నారు కాబట్టి, వక్తని సభకి ఎలా పరిచయం చేయాలన్న విషయంలోకి నేరుగా వస్తాను.

మన సభల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: "వీరికి పరిచయం అక్కర్లేదు." ఆ తర్వాత పావుగంట పరిచయం! పుట్టిన ఊరు, చదివిన బడి, అందుకున్న సన్మానాలు, ఏదీ వదలరు. వక్త ఇబ్బందిగా తల దించుకుంటారు. వెనక వరసలవాళ్ళు ఫోన్లు తీస్తారు. సభ చల్లబడ్డాక గానీ మైకు ఆయన చేతికి రాదు.

వక్త పంపిన బయోడేటాని ఉన్నదున్నట్టు చదివేయకండి. అది ఉద్యోగానికో అవార్డుకో రాసుకున్నది. మీ ముందు కూర్చున్నవాళ్ళకి కావలసినవి రెండే: ఈ విషయం మనకెందుకు, దాన్ని ఈయనే ఎందుకు చెప్పాలి. తుపాన్ల గురించి మాట్లాడటానికి ఒక వాతావరణ శాస్త్రవేత్త వచ్చారనుకుందాం. "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన విశాఖలో ఉన్నవాళ్ళు ఆ గాలి హోరు మర్చిపోలేరు. అలాంటి తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే ఎలా లెక్కగడతారో, ఏళ్ళ తరబడి ఆ పనే చేసిన ఫలానా గారు ఇప్పుడు చెబుతారు." అరనిమిషం కూడా పట్టదు. జనం చెవులు రిక్కిస్తారు. ఆ లెక్క ఎలా కడతారో మాత్రం మీరే చెప్పేయకండి. కొందరు వ్యాఖ్యాతలకి ఆ సరదా ఎక్కువ.

పేరు దగ్గర జాగ్రత్త. ఆహ్వానపత్రంలో ఇంగ్లీషు అక్షరాలు చూసి రమణో రామన్నో తేల్చుకోలేం. ముందురోజే ఫోన్ చేసి అడగండి. ఇంటిపేరు చెప్పాలా, పొడి అక్షరాలు చాలా అన్నదీ అప్పుడే కనుక్కోండి.

తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం మన ఊళ్ళోనే ఉంది కాబట్టి మనకి నేవీ అతిథులు ఎక్కువ. కమాండర్, కమొడోర్ ఒకటి కాదు. కమాండర్ పైన కెప్టెన్, ఆ పైన కమొడోర్. పైగా నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీలో కర్నల్‌తో సమానం. "కెప్టెనే కదా" అని తేలిగ్గా తీసేయకండి.

"పద్మశ్రీ ఫలానా గారు" అనడం కూడా మనకి అలవాటే. అవి బిరుదులు కావు, పేరుకి ముందూ వెనకా తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. "పద్మశ్రీ పురస్కారం అందుకున్న" అనండి, ఏ తంటా ఉండదు.

ఇంకో అలవాటు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మగవాళ్ళ గురించి వాళ్ళ పరిశోధన చెబుతారు. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి "ఫలానా డాక్టరు గారి సతీమణి, మంచి గృహిణి కూడా" అంటారు. ఆవిడ శాస్త్రవేత్త అయితే శాస్త్రవేత్త అనే చెప్పండి. భర్త ఊసు సభకెందుకు?

పేరు చివర్లో, గట్టిగా, స్పష్టంగా పలకండి. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో జనానికి అప్పుడే తెలుస్తుంది. వక్త మైకు దగ్గరికి వచ్చేదాకా మీరు అక్కడే ఉండండి. శాలువా, మెమెంటో ప్రసంగం అయ్యాక చూసుకోవచ్చు.

సరే, ఇప్పుడు మీ వంతు. పక్కనున్నవారి పేరు, వాళ్ళు చేసే పని అడిగి తెలుసుకోండి. ఒక్కొక్కరూ పైకొచ్చి వాళ్ళని పరిచయం చేయాలి. ఒక్క నిమిషమే. ఫోన్‌లో టైమర్ పెడుతున్నాను.