ఈసారి లంకకు వెళ్దాం

శ్రోతలకు నమస్కారం.

రాజమండ్రికి చుట్టాలొస్తే ఎక్కడికి తీసుకెళ్తాం? పుష్కరాల రేవు, సాయంత్రం హారతి, కుదిరితే పాపికొండల లాంచీ. అన్నీ చూడాల్సినవే. కానీ సెలవు రోజున ఆ రద్దీలో గోదావరిని తీరిగ్గా చూసే వీలుండదండి. అందుకే ఈసారి ధవళేశ్వరం బ్యారేజీ దాటి కిందికి రండి. ఒక లంకకు, అంటే గోదావరి నడుమ ఉండే దీవికి రండి.

ధవళేశ్వరం దిగువన గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు. నడుమ కోనసీమ. ఆ పాయల్లో లంకలు. వాటిలో నాకు బాగా ఇష్టమైనవి పి.గన్నవరం దగ్గర, బూరుగులంక రేవు అవతలి ఊళ్లు.

వరద తీసిన కొత్తల్లో ఒకసారి పొద్దున్నే అక్కడికి వెళ్లాను. అవతలి నుంచి పడవ వచ్చింది. ముందు పాల క్యాన్లు దిగాయి. తర్వాత బడి పిల్లలు దిగారు. ఆఖరున అరటి గెలలు. ఒక్కో గెలనూ పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంటున్నారు. కాయ కమిలితే ధర పడిపోతుంది మరి.

అవతల ఒడ్డెక్కితే దారి పొడవునా కొత్త ఒండ్రు, ఎండకు బీటలు వారి ఉంది. ఓ రైతు ఒక పెళ్ల తీసి విరిచి చూపించారు. పైన నున్నగా ఉంది, లోపల ఇంకా తడి. "ఆయ్, పల్లంలో తోట పోయిందండి. మట్టి మిగిలిందండి. కూరపాదులు బాగా లేస్తాయండి ఇందులో" అన్నారు. పోయినదాన్నీ, మిగిలినదాన్నీ ఒకే గొంతుతో చెప్పారు. నాకు మాట రాలేదు.

లంక పిక్నిక్ స్పాట్ కాదండి, వాళ్ల ఇల్లు. బడి వేళ పడవ పిల్లలకు వదిలేయండి. తోటలో అడుగుపెట్టే ముందు ఒక్క మాట అడగండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. జూలై నుంచి సెప్టెంబరు దాకా బయల్దేరే ముందు ధవళేశ్వరం నీటిమట్టం వినండి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మళ్లీ చెబుతున్నాను, మొదటిది 11.75. అది రాకముందే కొన్ని లంకల దారులు మునిగిపోతుంటాయి. ఆ రోజుల్లో సరదాకి పడవెక్కవద్దు. మనం కూర్చున్న చోటు ఆస్పత్రికి వెళ్లాల్సిన మనిషిది కావచ్చు. నీళ్లు తీశాక, కార్తీకంలో వెళ్లండి. ఎక్కేటప్పుడే పడవ నడిపే ఆయన్ని అడగండి, సాయంత్రం ఆఖరి పడవ ఎప్పుడని.

నమస్కారం.